ఆ సప్పుడు నేను చుట్టింది

మా అన్న సంస్మరణ సభలో నాకు శాలువా కప్పారు. కరీంనగర్‌లో బస్టాండు వెనక ఫంక్షన్ హాలు. ముందు వరుసలో సోఫాలు, వెనక ప్లాస్టిక్ కుర్చీలు, వేదిక మీద పూలదండతో అన్న ఫోటో. ఎవరో పెద్దమనిషి మైకు పట్టుకుని, మా జిల్లాలో మొట్టమొదట బేస్ గిటారు చేతపట్టినవాడు మా నర్సయ్య అన్నాడు, ఆ గిటారుకు పికప్‌ను తన స్వహస్తాలతో చుట్టుకుని ఎవరికీ రాని సప్పుడు పుట్టించిన కళాకారుడు అన్నాడు. స్వహస్తాలతో అనే మాటను రెండుసార్లు అన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. అలవాటు కొద్దీ నా చేతులు కూడా లేచాయి, మధ్యలో ఆగిపోయాయి. తర్వాత ఆయన గారి సోదరి బోథ్ నుంచి వచ్చారని పిలిచి, శాలువా కప్పి, రెండు మాటలు మాట్లాడమన్నారు. నా దగ్గర ఉన్నది ఒక్క మాటే. ఎదురుగా మా వదిన తల దించుకుని కూర్చుంది, అన్న పోయి ఇంకా నెల కాలేదు. దండం పెట్టి దిగి వచ్చాను. వచ్చినప్పటి నుంచి ఒళ్లు మండుతూనే ఉంది. చచ్చిపోయినవాడి మీద కోపమేమిటని మా కోడలు అడుగుతుంది. మనిషి పోతే కోపం కూడా పోతుందని ఎవరు చెప్పారో తెలియదు, వాళ్లకు అన్నలు ఉండి ఉండరు.

కరీంనగర్‌లో మా వాడకట్టంతా మగ్గాలే. తెల్లవారేసరికి ప్రతి ఇంట్లో గంజి ఉడుకుతుండేది. తాగే గంజి కాదు, నూలుకు పట్టించే గంజి. ఆ పుల్లటి వాసన మా గోడలకు, దుప్పట్లకు, నా పలక సంచికి పట్టి ఉండేది. బళ్లో పక్కన కూర్చునే కోమట్ల పిల్ల ముక్కు మూసుకునేది. బాపు పొద్దున్నే తలకు రుమాలు చుట్టుకుని, మగ్గం దండెను ముట్టుకుని కళ్లకద్దుకుని గుంతలోకి కాళ్లు దించేవాడు. జానెడు బట్ట నేసేదాకా ఎవరితో మాట్లాడేవాడు కాదు. ఆ జానెడు అయ్యాక బీడీ ముట్టించి, అప్పుడు, ఏమే బువ్వ అయిందా అని అడిగేవాడు. రజాకార్ల కాలంలో వాడకట్టు ఖాళీ అయిన సంగతి, నైజాం పోయాక తిరిగి వచ్చి మగ్గం మీది బూజు దులిపిన సంగతి, గుంతలో కాళ్లు ఆడిస్తూనే చెప్పేవాడు. అవ్వ, అంటే మా అమ్మ, అరుగు మీద రాట్నం ముందేసుకుని, మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే కండెలు చుట్టేది. నాకు ఊహ తెలిసేసరికి నేనూ చుడుతున్నాను. మా ఇళ్లలో మగపిల్లలు మగ్గం ఎక్కుతారు, ఆడపిల్లలు కండెలు చుడతారు. అదొక పని అని ఎవరూ అనుకోరు. ఆడపిల్ల ఊరికే కూర్చుంటే రాట్నం ముందుకు తోస్తారు, అంతే.

అవ్వ నేర్పిన పద్ధతి చెప్పాలి, లేకపోతే ఈ కథ అర్థం కాదు. కుడిచేత్తో చక్రం తిప్పుతుంటే ఎడమచేతి వేళ్ల మధ్య నుంచి దారం జారుతూ కదురు మీది కండెకు చేరుతుంది. గట్టిగా పడితే తెగుతుంది, వదులుగా పడితే కండె మెత్తబడి మగ్గంలో చిక్కుపడుతుంది. అవ్వ నన్ను కళ్లు మూసుకొమ్మనేది. "కండ్లతోని జూస్తే చెయ్యి సోమరిదైతది బిడ్డా. దారం ఏడుస్తుందా నవ్వుతుందా వేళ్లకే ఎర్కైతది," అనేది. నేను ఎనిమిదో తరగతి దాటేసరికి వాడకట్టులో నా కండెలకు పేరుండేది. శాంత చుట్టిన కండె తెగదు అనేవాళ్లు. నా పేరును ఒక వస్తువుతో కలిపి నలుగురూ అనుకోవడం నా చిన్నతనంలో అదొక్కటే.

అన్న నాకంటే ఐదారేళ్లు పెద్ద. మగ్గం గుంతలో కాళ్లు నిలవవని బాపు చాలాసార్లు కొట్టాడు. చివరికి ఆదిలాబాద్ వైపు బొగ్గుబావుల ఊరికి పోయి, అక్కడి క్లబ్బులో లైట్లు, ఫ్యాన్లు చూసుకునే పనిలో కుదిరాడు. ఆ క్లబ్బులో దొరలు నాచ్ చేసే రోజుల్లో బ్యాండు ఉండేదట. ఒక ఇంజన్ డ్రైవరు అందులో నాలుగు తీగల బేస్ గిటారు వాయించేవాడట. అతను సీమకు, తెల్లోళ్ల దేశానికి, పోతూ పోతూ పాడైపోయిన ఆ గిటారును అన్నకు ఇచ్చి పోయాడు. అన్న దాన్ని దుప్పట్లో చుట్టి, పసిపిల్లను తెచ్చినట్టు ఇంటికి తెచ్చాడు. అవ్వ విప్పి చూసి, దీన్ని ఎత్తుకుని వాయిస్తారా కూర్చోబెట్టి వాయిస్తారా అని అడిగింది. బాపు తీగను వేలితో లాగి చూసి, గింత లావు తీగకు గింత సన్న సప్పుడా అని నవ్వాడు. కరెంటు లేకుండా అది మూలిగే సప్పుడు అంతే.

అసలు సంగతి దాని పికప్‌లో ఉంది. పికప్ అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత రాగి తీగను వేల చుట్లు చుడితే అదే పికప్. పైన ఇనుప తీగ కదిలితే కింద ఆ చుట్టలో కరెంటు పుడుతుంది, ఆ కరెంటు పోయి స్పీకరులో సప్పుడవుతుంది. మా అన్న తెచ్చిన దాంట్లో ఆ రాగి తీగ లోపలెక్కడో తెగిపోయింది. బజారులో రేడియోలు బాగుచేసే ఖాదర్ చిచ్చా దాన్ని విప్పి చూసి, ఇంత సన్న తీగ చుట్టేవాడు ఈ ఊళ్లో లేడు, హైదరాబాద్‌లో కూడా వెతకాలి అన్నాడట. అన్న ఊరుకునే రకం కాదు. చిచ్చా దగ్గర పనికిరాని రేడియో ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి, పాత టెలిఫోన్ల అయస్కాంతాలు కొన్ని అడుక్కొచ్చాడు. విరిగిన నాడె చెక్కతో, అట్టముక్కలతో చిన్న కండె లాంటిది చేసుకున్నాడు. తీగ ఊడదీసి చుట్టడం మొదలుపెట్టాడు. తెగింది. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ తెగింది. రెండు రోజులు ఇల్లంతా రాగి వెంట్రుకలు. అవ్వ బియ్యంలో కూడా ఏరింది. మూడోనాడు అన్న దాన్ని గోడకేసి కొట్టాడు. నేను లేచి ఆ చెక్క తీసి, రాట్నం కదురుకు బిగించి, వేళ్లకు తడిబట్ట చుట్టుకుని కూర్చున్నాను. నూలుకు, రాగికి తేడా ఉంది. నూలు సాగుతుంది, రాగి సాగదు, చెప్పకుండా తెగుతుంది. తెగే ముందు మాత్రం వేళ్ల మధ్య కొంచెం వేడెక్కుతుంది. అది పట్టుకోవడానికి నాకొక పూట పట్టింది.

మొదటి పికప్ చుట్టి ఇచ్చాను. అన్న సోల్డరు పెట్టి, గిటారులో పాతది తీసి దీన్ని బిగించాడు. చిచ్చా బాగుచేయమని వచ్చిన పెద్ద రేడియో ఒకటి ఇచ్చాడు. వెనక గ్రామఫోను వైరు పెట్టే తొర్రలో గిటారు వైరు పెడితే రేడియోలోంచే గిటారు మోగుతుంది. మోగింది. సప్పుడైతే వచ్చింది గానీ పలచగా, దోమ చెవిలో గీపెట్టినట్టుగా ఉంది. చుట్లు సరిపోలేదని నాకే తోచింది. రెండోదానికి తీగ పట్టినంత చుట్టాను. ఈసారి సప్పుడు లావుగా వచ్చింది, అయితే గొంగడి కప్పుకుని మాట్లాడే ముసలాయన గొంతులా ఏ స్వరం ఏదో తెలియకుండా మొద్దుగా వచ్చింది. అన్నకు అదే నచ్చింది, చాలు అన్నాడు. నేను చాలదన్నాను. విప్పేశాను. మూడోసారి చుట్లు కొంత తగ్గించి, వరుసగా పేర్చకుండా అటూ ఇటూ చెదరేసి చుట్టాను. వరుసగా పేర్చితే తీగల మధ్య గాలి ఉండదు, అందుకే ఊపిరాడని సప్పుడు వస్తుందని నాకు అనిపించింది. ఎందుకనిపించిందో ఇప్పటికీ చెప్పలేను. దాన్ని బిగించి వాయిస్తే రేడియో కీచుమని అరిచింది. లోపలి తీగలు కదులుతున్నాయని చిచ్చా చెప్పాడట. అవ్వ మైనం కరిగించి ఇస్తే అందులో ముంచి ఆరబెట్టాం. ఆ తర్వాత అన్న లావు తీగను ఒక్కసారి మీటాడు. అరుగు మీది ఇత్తడి చెంబు సన్నగా వణికింది. గుంతలో బాపు మగ్గం ఆపాడు. జానెడు బట్ట కాకుండా బాపు మగ్గం ఆపడం అదే మొదలు. బీడీ ముట్టించుకుని ఇంకోసారి కొట్టమని చేత్తో సైగ చేశాడు.

అన్న బొగ్గుబావుల పని మానేసి పెళ్లిళ్ల బ్యాండులో చేరాడు. హుజూరాబాద్‌లో మా మేనమామ బిడ్డ పెళ్లికి ఆ బ్యాండునే పిలిచారు. మైకులు, యాంప్లిఫయరు ఖాదర్ చిచ్చావి. ఆడవాళ్లమంతా డాబా మీద. పందిట్లో క్లారినెట్టు, డ్రమ్ములు జనం ఎరిగినవే. కింద నుంచి ఈ బేస్ సప్పుడు లేచేసరికి మా కాళ్ల కింద గచ్చు కదిలింది. మేనత్త గుండె మీద చెయ్యి వేసుకుని, ఇదేందే కడుపుల్నుంచి వస్తుంది అంది. నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి. ఒక పాటకూ ఇంకో పాటకూ మధ్య కిందికి దిగి పందిరి గుంజ పక్కన నిలబడ్డాను. అప్పుడే పెళ్లికొడుకు తరఫు పెద్దాయన ఒకరు అన్నను అడిగాడు, ఈ సామాను ఏ దేశానిది, ఇట్లాంటి సప్పుడు హైదరాబాద్‌లో కూడా వినలేదని. చిచ్చా పక్కనే ఉన్నాడు. అన్న నన్ను చూశాడు. చూడలేదని అనడానికి లేదు. కళ్లు కలిశాయి. నేను నవ్వాను కూడా, ఇప్పుడు చెప్తాడని.

"నేనే చుట్టిన సాబ్," అన్నాడు అన్న. "మూడుమాట్ల చుడితే గిట్ల కుదిరింది."

నేను డాబా ఎక్కలేదు. పెళ్లి భోజనం ముట్టలేదు. తిరుగు ప్రయాణంలో బస్సులో అన్న పక్కన ఖాళీ ఉన్నా అవ్వ పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. ఇంటికొచ్చాక అడిగాను. నలుగురిలో ఆడపిల్ల పేరు ఎట్లా తీస్తాం, వాళ్లు నవ్వరా, నీకు రేపు సంబంధాలు రావొద్దా అన్నాడు. నా మంచికే అన్నట్టు చెప్పాడు. ఆ తర్వాత వారం తిరగకముందే ఖాదర్ చిచ్చా అన్నను పిలిచి, ఇంత మంచి చెయ్యి ఉన్నోడివి, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్లు, ఫ్యాన్ల మోటార్లు తిరగచుట్టే పని ఇస్తాను చెయ్యమన్నాడు. అన్న సరే అన్నాడు. పని సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చి నా రాట్నం ముందు పెట్టాడు. నేను చుట్టాను. ఎందుకు చుట్టావని ఇప్పటి పిల్లలు అడుగుతారు. అప్పుడు మా ఇంట్లో మగ్గానికి నూలు దొరకని కాలం. సిరిసిల్లలో కరెంటు మగ్గాలు వస్తున్నాయి, మా చేతి మగ్గం చీరలు అడిగేవాడు లేడు. అవ్వ పొయ్యి మీది కుండ వైపు చూసి నా వైపు చూసేది. అందుకు చుట్టాను. బడి మానేశాను. పేరు అన్నకు వచ్చింది. నర్సయ్య చుట్టిన మోటారు కాలదని బజారులో అనేవాళ్లు. ఒకప్పుడు నా కండెల గురించి వాడకట్టు చెప్పుకున్న మాటే అది. పేరొక్కటే మారింది.

ఒకరోజు ఉండబట్టలేక బాపును అడిగాను. బాపు పడుగు నూలుకు గంజి పట్టిస్తూ కుంచె ఆపలేదు.

"ఇంట్ల చేసినదానికి పేరెందుకు బిడ్డా," అన్నాడు. "నేను గిన్నేండ్ల సంది చీరలు నేస్తున్న. ఏ చీర మీదన్న నా పేరున్నదా?"

"లేదు బాపూ. నీ పేరు లేదు," అన్నాను. "ఇంకొకల పేరు గుడ లేదు గద."

బాపు కుంచె ఆగింది. అంతే. ఆ తర్వాత మళ్లీ ఆడింది. మా బాపు చెడ్డవాడు కాదు. నన్ను ఎన్నడూ చెయ్యెత్తి కొట్టినవాడు కాదు. నా మాట నిజమని ఆయనకు తెలిసింది, ఆ సంగతి కుంచె ఆగినప్పుడే నాకు తెలిసింది. తెలిసి కూడా ఆయన కొడుకును పిలిచి ఒక్క మాట అనలేదు. తెలియక చేసినవాళ్లను నేను ఎప్పుడో మరచిపోయాను. తెలిసి ఊరుకున్నవాళ్ల మీదనే నా మంట.

ఇంట్లో పని కాకపోతే బయట తేల్చుకుందామని అవ్వకు కూరగాయలని చెప్పి బజారుకు పోయాను. ఖాదర్ చిచ్చా దుకాణంలో సోల్డరు పొగ, దానికి పూసే గుగ్గిలం కాలిన వాసన, గోడ నిండా పొట్ట విప్పిన రేడియోలు. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, కూర్చో బేటీ అని స్టూలు జరిపాడు. నేను కూర్చోలేదు. బల్ల మీద ఉన్న సన్న తీగ కట్ట తీసుకుని, అక్కడే ఉన్న చేతి మిషనుకు చిన్న కండె బిగించి ఆయన చూస్తుండగా చుట్టడం మొదలుపెట్టాను. ఆయన కాసేపు నా వేళ్లనే చూశాడు. తర్వాత మెల్లగా నా చేతి మీది నుంచి తీగ తీసి పక్కన పెట్టాడు.

"నాకెర్కనే బేటీ," అన్నాడు. "మొదటి దినమే ఎర్కైంది. మీ అన్న తీగ వట్టుకునే తీరు నేను జూడలేదా."

ఆయనకు తెలియదని, తెలిస్తే న్యాయం చేస్తాడని అనుకునే కదా అంత దూరం నడిచి వచ్చింది.

"మరి ఎందుకు జెప్పలే చిచ్చా?"

"చెప్తే ఏమైతది? నిన్ను తెచ్చి దుకాన్ల కూసుండవెడ్తనా? మీ కులపోళ్లు ఊకుంటరా, మావోళ్లు ఊకుంటరా? మీ అన్నకిస్తే మీ ఇంటికే వాయె. నీకిచ్చినట్టే అయ్యింది. జర సోంచాయించు."

"నాకిచ్చినట్టు కాలే చిచ్చా," అన్నాను. "మా ఇంటికిచ్చినట్టయింది. నేను వేరే, ఇల్లు వేరే."

ఆయన నొచ్చుకున్నాడు. చాయ్ తెప్పిస్తానన్నాడు. ఆయన ముఖంలో కపటం లేదు, దయే ఉంది. ఆ దయకే నాకు ఎక్కువ కోపం వచ్చింది. దొంగతనమైతే అరవవచ్చు. అందరూ కలిసి నా మంచి కోసం చేసిన పనికి ఎవరి మీద అరవాలి? ఇంటికి నడిచి వచ్చి, రాట్నం మీద సగం చుట్టిన మోటారు కాయిలు ఉంటే అట్లాగే వదిలేసి చేతులు కడుక్కున్నాను. మళ్లీ చుట్టలేదు.

అన్న మొదట బతిమాలాడు, తర్వాత తిట్టాడు, తర్వాత బాపుతో చెప్పించబోయాడు. బాపు రాలేదు. అవ్వ ఒక్కతే నా పక్కన కూర్చుని, చెయ్యి నీది బిడ్డా, దాన్ని ఎవ్వలు గుంజుకోరు అంది. గుంజుకున్నారు కదా అవ్వా, ఇన్ని రోజులు అన్నం పెట్టి గుంజుకున్నారు అన్నాను. అవ్వ లేచి పోయింది. నేను పక్క వాడకట్టుకు పోయి తునికాకు, తంబాకు తెచ్చుకుని బీడీలు చుట్టడం మొదలుపెట్టాను. బీడీ కట్ట మీద సేటు బొమ్మ ఉంటుంది. అయితే ఆ సేటు మా అన్న కాదు, మా ఇంట్లో అన్నం తినడు, నా కళ్లలోకి చూస్తూ నేనే చుట్టిన అనడు. అది నాకు చాలు. నా ఒంటికి పొగాకు కంపు పట్టింది, రాత్రుళ్లు దగ్గు వచ్చేది. అయినా వెనక్కి పోలేదు.

అన్న మా వాడకట్టులోని ఇద్దరు ఆడపిల్లలను పనికి పెట్టుకున్నాడు. కొన్నాళ్లకు దుకాణం తెరిచి బోర్డు కట్టాడు. అందులో చుట్టే వేళ్లు ఎప్పుడూ ఆడపిల్లలవే, బోర్డు ఎప్పుడూ నర్సయ్యదే. గిటారులో నా పికప్ కూడా ఎక్కువ కాలం లేదు. బ్యాండువాళ్లు బొంబాయి నుంచి విదేశీ పికప్ తెప్పిస్తే అది బిగించుకున్నాడు. నేను దాన్ని మా ఎదురింటి పెళ్లిలో విన్నాను. అబద్ధం చెప్పను, బాగుంది. ప్రతి స్వరం కడిగిన ముత్యంలా విడివిడిగా వచ్చింది. ఎదురింటి వాళ్ల గచ్చు మాత్రం కదలలేదు. నా పెళ్లి కుదిరినప్పుడు రవికలు కుట్టించుకోవడానికి దర్జీ దగ్గరికి పోతే, ఆయన మిషను పక్కన నల్లటి చెక్కముక్క ఒకటి, దానికి సూదులు ముళ్లపందిలా అంటుకుని ఉన్నాయి. నేను చుట్టిన పికప్ అది, నా మైనం, నా నాడె చెక్క. మీ అన్ననే ఇచ్చిండు, కింద వడ్డ సూదులు మస్తు వడ్తది అని దర్జీ మెచ్చుకున్నాడు. అడిగితే ఇచ్చేవాడే. అడగలేదు. రవిక కొలతలిచ్చి వచ్చాను.

మొన్న సభ అయిన మర్నాడు అన్న మనవరాలు తన గది చూపించింది. ఆ పిల్ల కాలేజీలో చదువుతూ బ్యాండులో బేస్ వాయిస్తుంది. మా కాలంలో ఆడపిల్ల గిటారు ముట్టుకుంటే తోలు తీసేవాళ్లు, ఈ పిల్లకు వాళ్ల నాన్నే మోటారు సైకిల్ మీద ఎక్కించుకుని పోయి కొనిపెట్టాడు. ఒక పెట్టెలో రకరకాల పికప్‌లు ఉన్నాయి. పాటను బట్టి మారుస్తుందట. ఒకటి విప్పి, సోల్డరు పెట్టి, ఇంకోటి బిగించి, వినమ్మమ్మా తేడా చూడు అని వాయించింది. ఇంతా చేసి గంట కూడా పట్టలేదు. తీసిన దాన్ని నేను తిప్పి చూశాను. అడుగున సిరాతో రెండు పొడి అక్షరాలు రాసి ఉన్నాయి. ఏమిటని అడిగితే, చుట్టిన మనిషి పేరమ్మమ్మా, వాళ్లు చుట్టిన ప్రతిదాని మీదా రాసుకుంటారు, ఈమె చుట్టినవాటికి జనం ఎదురుచూసి కొంటారు అంది. ఈమె అంది. సముద్రాల అవతల ఏదో కార్ఖానాలో కూర్చుని రాగి తీగ చుట్టే ఆడమనిషి. ఆమెకు కూడా అన్నలుండే ఉంటారు. నాకు ఆమె మీద అసూయ కలగలేదు గానీ, కాలం మారింది కదా సంతోషించమని ఎవరైనా అంటే మాత్రం చెంప పగలగొట్టాలనిపించింది. పేరు రాయడానికి సిరా మా కాలంలోనూ ఉంది. నోరూ ఉంది.

అన్న ఒక్కసారి అడిగాడు. అది కూడా చెప్పి ఈ కథ ముగిస్తాను. నేను పెళ్లై బోథ్ వెళ్లి, ఆగిన చదువు మళ్లీ చదివి, టీచరు ట్రైనింగు చేసి, చిన్న బళ్లో పిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్న రోజులు. మాకు పత్తి చేను, ఎడ్లు, పొద్దున జొన్నరొట్టె, చుట్టుపక్కల సగం మరాఠీ మాట. పిల్లలు పెద్దవాళ్లయ్యారు. అన్న జుట్టు నెరిసింది. చెప్పాపెట్టకుండా ఒక మధ్యాహ్నం బస్సు దిగి వచ్చాడు, సంచిలో సన్న తీగ కట్ట, అయస్కాంతాలు. అన్నం తిన్నాడు, చాయ్ తాగాడు, మా ఆయనతో పత్తి సంగతి మాట్లాడాడు. ఆ తర్వాత తీగ కట్ట బయటకు తీసి నా ముందు పెట్టాడు.

"గా సప్పుడు మల్ల రాలే చెల్లె," అన్నాడు. "ఎన్ని మార్చినా రాలే. ఒక్కటి చుట్టియ్యి. నాకోసం."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన నా అన్న. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని జాతర చూపించినవాడు. వేళ్లు తీగ కట్ట వైపు పోయాయి, చివర ఎక్కడుందో వెతికాయి కూడా.

"చుట్టిస్త," అన్నాను. "మన వాడకట్టుల, నీ దుకాణం ముంగట, నలుగురున్నప్పుడు ఒక్క మాట జెప్పు అన్నా. అప్పుడు గది మా శాంత చుట్టిందని. గంతే."

అన్న తీగ కట్టను తన వైపు జరుపుకున్నాడు. "గిప్పుడెందుకే గవన్ని. ముసలోళ్లమైతిమి," అన్నాడు.

"ముసలోళ్లమైతే సప్పుడెందుకు మరి?"

ఆయన తీగ కట్ట సంచిలో వేసుకుని సాయంత్రం బస్సుకు పోయాడు. నేను గడప దాకానే వచ్చాను. మా ఆయన పశువులకు కుడితి పెట్టి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నెమ్మది మనిషి, నన్ను ఏనాడూ గట్టిగా ఒక మాట అన్నవాడు కాదు. అంత దూరం నుంచి వచ్చిండు, తోడబుట్టినోడు, ఒక్కటి చుట్టిస్తే నీదేం పోతుండె అన్నాడు.

"పరాయోడైతే పైసలు దీస్కొని చుట్టిస్తుంటి," అన్నాను. "అన్న గాబట్టే మాటడిగిన."